అంగిలి క్యాన్సర్‌కు నానో బంగారం, లేజర్ చికిత్స: ఆపరేషన్ ఆపి ఎదురుచూడవచ్చా?

ప్రశ్న: భీమిలి అధ్యాపకుడు

సభ్యులందరికీ నమస్కారం. మా దొడ్డమ్మకు అరవై నాలుగేళ్ళు. భీమిలి దగ్గర ఒక మత్స్యకార గ్రామంలో ఉంటుంది. వయసులో ఉన్నప్పటి నుంచి ఆమెకు అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట వెలిగించి నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని తాగడం. మన తీర గ్రామాల్లో ఆ తరం ఆడవాళ్ళలో ఈ అలవాటు ఎంతగా ఉందో ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. అంగిలి మీద తెల్లగా మందపాటి పొర కట్టి చాలా కాలమైంది. దాని మధ్య లేచిన పుండు ఎంతకీ మానకపోవడంతో నగరంలోని పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాము. బయాప్సీలో స్క్వేమస్ సెల్ కార్సినోమా, అంటే నోటి పైపొర కణాల్లో పుట్టే క్యాన్సర్ అని తేలింది. అంగిలి ఎముకను కొంత తినేసినట్టు సి.టి. స్కాన్‌లో కనిపించిందని, మెడలో ఒక గ్రంథి అనుమానంగా ఉందని చెప్పారు. పై దవడలో ఒక భాగాన్ని, మెడ గ్రంథులను తీసివేసి, తరవాత రేడియేషన్ ఇవ్వాలనీ, అవసరమైతే దానితోపాటు కీమో కూడా ఇవ్వాలనీ వైద్యులు నిర్ణయించారు.

ఆ మాట వినగానే దొడ్డమ్మ బెదిరిపోయింది. మాట పోతుందని, తిన్న అన్నం ముక్కులోంచి వస్తుందని ఎవరో ఆమెకు చెప్పారు. సరిగ్గా ఇదే సమయంలో మా చిన్నాన్నగారి అబ్బాయి ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. బంగారు నానోకణాలను, అంటే కంటికి కనిపించనంత చిన్న రేణువులను, రక్తంలోకి ఎక్కించి, పైనుంచి లేజర్ వేస్తే కణితి ఒక్కటే మాడిపోతుందని, కోత అవసరం లేదని అందులో ఉంది. ఇంట్లో సగం మంది ఆపరేషన్ ఆపించి ఆ దారి చూద్దామంటున్నారు.

నేను ఇంటర్మీడియెట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. కాంతిని వేడిగా మార్చే పదార్థాలు, మారే అయస్కాంత క్షేత్రాన్ని వేడిగా మార్చేవి, ఎక్స్-కిరణాల శక్తిని ఎలక్ట్రాన్ల జల్లుగా మార్చేవి, అల్ట్రాసౌండ్‌తో రసాయన చర్యను పుట్టించేవి ఉన్నాయని చదివాను. వాటి వెనుక ఉన్న సూత్రంలో నాకు సందేహం లేదు. సూత్రం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఆసుపత్రుల్లో ఎందుకు కనిపించడం లేదన్నదే నాకు అర్థం కాని విషయం. మనుషుల మీద ఇది నిజంగా ఎంతవరకు జరిగింది? పైగా నోరు తెరిస్తే అంగిలి కంటికి కనిపించే చోటు, కాంతి సులువుగా చేరే చోటు. కాలేయానికో మెదడుకో కన్నా అంగిలికి ఈ పద్ధతి బాగా సరిపోవాలి కదా? ఆపరేషన్ తేదీ గురించి మేము వారంలోగా చెప్పాలి. తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.


జవాబు: మెడికల్ ఫిజిసిస్ట్, విశాఖ

మాస్టారూ, నమస్కారం. నేను రేడియేషన్ విభాగంలో పనిచేస్తాను. ముందు సూటిగా జవాబు చెబుతాను. ఎముకను తిన్న అంగిలి క్యాన్సర్‌కు ఆపరేషన్ బదులు ఇవ్వదగినదిగా ఆమోదం పొందిన నానో చికిత్స మన దేశంలో గానీ బయట గానీ లేదు. అందువల్ల ఈ చర్చ తేలేదాకా తేదీని ఆపవద్దు. ఇక మీరు అడిగిన 'ఎందుకు లేదు' అన్నదానికి వస్తాను, అది నిజంగా మంచి ప్రశ్న.

శక్తిని మార్చే పదార్థం ఏదైనా సరే, దాన్ని రెండు విషయాల్లో నిలదీయాలి. బయట నుంచి పంపిన శక్తి కణితి ఉన్న లోతుకు చేరేసరికి ఎంత మిగులుతుంది? ఎక్కించిన పదార్థంలో ఎంత భాగం కణితిలోకి వెళుతుంది? వీడియోల్లో ఈ రెండూ కనిపించవు. కణం వేడెక్కే క్షణం ఒక్కటే కనిపిస్తుంది.

బంగారం సంగతి చూడండి. మామూలు గుండ్రటి బంగారు నానోకణాల ద్రావణం ఎర్రగా ఉంటుంది, ఎందుకంటే అవి 520 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటాయి. ఆ కాంతిని రక్తంలోని హీమోగ్లోబిన్ కూడా పీల్చుకుంటుంది కాబట్టి శరీరం లోపల దానితో పని జరగదు. రక్తం, నీరు రెండూ తక్కువగా పీల్చుకునేది సుమారు 700 నుంచి 900 నానోమీటర్ల మధ్య ఉన్న పరారుణ కాంతిని. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో నయోమీ హాలస్, జెన్నిఫర్ వెస్ట్ బృందాలు సిలికా గుండు మీద పలుచని బంగారు పెంకు తొడిగి, ఆ పెంకు మందాన్ని మార్చడం ద్వారా కణం ఈ కాంతినే పీల్చుకునేలా చేశాయి. దానితో ఎలుకల్లో కణితిని వేడిచేయవచ్చని 2003లో చూపించారు. అదే రకం కణాలతో ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులకు చేసిన తొలి చికిత్స ఫలితాలు 2019లో వెలువడ్డాయి. అందులో ఉన్నది 16 మంది. చికిత్స చేసిన చోట ఏడాది తరవాత తీసిన బయాప్సీలలో ఎక్కువ భాగం శుభ్రంగా వచ్చాయి. అది చిన్న విషయం కాదు, నేను దాన్ని గౌరవంతోనే చెబుతున్నాను. అయితే ఆ లేజర్‌ను చర్మం మీద నుంచి వేయలేదన్నది గమనించాలి. ఎమ్మారై, అల్ట్రాసౌండ్ బొమ్మలు చూసుకుంటూ, ఆప్టికల్ ఫైబర్‌ను ప్రోస్టేట్ లోపలికి గుచ్చి వేశారు. ఎంత అనువైన తరంగదైర్ఘ్యమైనా కణజాలంలో మిల్లీమీటర్ల లెక్కన బలం కోల్పోతూ పోతుంది, ఒకటి రెండు సెంటీమీటర్లు దాటాక చికిత్సకు సరిపడా మిగలదు. పైగా ఆ రోగుల్లో ఎవరికీ క్యాన్సర్ ప్రోస్టేట్ దాటి పోలేదు.

రెండో విషయం ఇంకా కష్టమైనది. కణితి రక్తనాళాల గోడలు కారుతూ ఉంటాయని, పెద్ద అణువులు అక్కడ బయటికి వచ్చి నిలిచిపోతాయని 1986లో జపాన్‌కు చెందిన మత్సుమురా, మాయెదా చూపించిన తరవాత, నానోకణాలు వాటంతటవే కణితిని వెతుక్కుంటాయన్న నమ్మకం బలపడింది. పదేళ్ళ పరిశోధన పత్రాలను టొరంటోలో వారెన్ చాన్ బృందం జల్లెడపట్టి 2016లో లెక్క చెప్పింది: జంతువులకు ఎక్కించిన నానోకణాల్లో కణితికి చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. మిగతాదాన్ని ఎక్కువగా కాలేయం, ప్లీహం పట్టుకుంటాయి. సుమారు ఆరు నానోమీటర్ల కన్నా చిన్నవైతే మూత్రపిండాల గుండా త్వరగా పోతాయి.

నా విషయానికే చెందిన ఒక ప్రయోగంతో దీని బరువు తెలుస్తుంది. 2004లో హైన్‌ఫెల్డ్ బృందం కణితులు ఉన్న ఎలుకలకు 1.9 నానోమీటర్ల బంగారు కణాలు ఎక్కించి ఎక్స్-కిరణాలు ఇచ్చింది. ఏడాది తరవాత వాటిలో 86 శాతం బతికున్నాయి, ఎక్స్-కిరణాలు మాత్రమే ఇచ్చినవాటిలో 20 శాతం బతికాయి. ఎంత మంచి ఫలితమో చూడండి. కాని ఇచ్చిన బంగారం కిలో శరీర బరువుకు 2.7 గ్రాములు. అరవై కిలోల మనిషికి అదే లెక్క వేస్తే 162 గ్రాములు, అంటే ఇరవై కాసులకు పైమాటే. ధర సంగతి పక్కన పెట్టినా, అంత లోహాన్ని రక్తంలోకి పంపి కాలేయాన్ని మోయమనడం జరిగే పని కాదు. ఎలుకకు వాడిన కిరణాలు 250 కిలోవోల్టులవి, మా దగ్గర రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ యంత్రాలవి మెగావోల్టులవి. ఈ పెద్ద శక్తి దగ్గర భారలోహం కిరణాన్ని పూర్తిగా పీల్చుకునే ఫొటోఎలక్ట్రిక్ ఫలితం తగ్గి, కిరణం ఎలక్ట్రాన్లను తాకి చెదిరిపోయే కాంప్టన్ పరిక్షేపణ ఎక్కువవుతుంది కాబట్టి భారలోహం వల్ల వచ్చే అదనపు లాభం కూడా తగ్గుతుంది.

ఈ చిక్కు నుంచి బయటపడే దారి, కణాలను రక్తంలోకి పంపడం మాని కణితిలోకే సూదితో ఎక్కించడం. నేడు మనుషులకు అత్యంత దగ్గరగా వచ్చినవి ఇలాంటివే. ఫ్రాన్సులోని నానోబయోటిక్స్ సంస్థ తయారుచేసిన హాఫ్నియం ఆక్సైడ్ కణాలను, హాఫ్నియం పరమాణు సంఖ్య 72, మొదటి రేడియేషన్‌కు ముందు ఒకసారి కణితిలోకి ఎక్కిస్తారు. చేతులు, కాళ్ళు, మొండెం మెత్తటి కణజాలాల్లో వచ్చే సార్కోమా అనే క్యాన్సర్ రోగులు 180 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. తీసిన కణితిలో బతికున్న క్యాన్సర్ కణాలు 5 శాతం కన్నా తక్కువకు పడిపోయినవారు రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో 8 శాతం కాగా, కణాలు కూడా ఎక్కించుకున్నవారిలో 16 శాతం. ఆ ఏడాదే ఐరోపాలో అనుమతి వచ్చింది. 'తీసిన కణితిలో' అన్న మాట దగ్గర మీ ఇంట్లోవారిని ఒక్క క్షణం ఆపండి. అక్కడ కూడా అందరికీ ఆపరేషన్ చేశారు. నానోకణాలు ఆపరేషన్‌ను తేలిక చేయడానికి వచ్చాయి, తప్పించడానికి రాలేదు.

అయస్కాంత పద్ధతి గురించి క్లుప్తంగా. 1957లో గిల్‌క్రిస్ట్ బృందం మొదలుపెట్టిన ఆలోచన ఇది. బెర్లిన్‌లో ఆండ్రియాస్ జోర్డాన్ దాన్ని ఐరన్ ఆక్సైడ్ నానోకణాలతో మెదడు కణితుల దాకా తీసుకువెళ్ళారు, 2010లో ఐరోపాలో అనుమతి వచ్చింది. అయస్కాంత క్షేత్రానికి లోతు అడ్డు కాదు, అది దీని బలం. కాని క్షేత్రాన్ని ఇష్టం వచ్చినంత పెంచితే సుడి విద్యుత్ ప్రవాహాల వల్ల ఆరోగ్యమైన ఒళ్ళే వేడెక్కుతుంది, అందుకని తీవ్రతకూ పౌనఃపున్యానికీ కలిపి ఒక హద్దు ఉంది. ఎక్కించిన ఇనుము అక్కడే ఉండిపోవడంతో ఆ భాగానికి తరవాత ఎమ్మారై బొమ్మ సరిగ్గా రాదు. తలకు ఈ చికిత్స చేసేటప్పుడు నోట్లో లోహపు పళ్ళు, క్యాప్‌లు ఉంటే ముందే తీయించేవారు. దాన్ని తయారుచేసిన సంస్థ 2022లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది.


జవాబు: నోటి క్యాన్సర్ శస్త్రవైద్యురాలు

అధ్యాపకులు గారూ, అంగిలి కంటికి కనిపించే చోటు కదా అన్న మీ మాటకు జవాబు చెప్పే బాధ్యత నాది అనుకుంటున్నాను.

ఈ జబ్బుకు మన ఊరితో ఉన్న సంబంధం పాతది. అడ్డపొగ తాగే ఆడవాళ్ళలో గట్టి అంగిలి మీద క్యాన్సర్ ఎక్కువగా వస్తున్నదని 1950లలోనే విశాఖపట్నం వైద్యులు గుర్తించి పత్రాలు రాశారు. మిగతా ప్రపంచంలో ఆ చోట క్యాన్సర్ అరుదు. తరవాత శ్రీకాకుళం జిల్లా గ్రామాల్లో పదివేల మందికి పైగా నోళ్ళు పరీక్షించి చేసిన అధ్యయనం 1971లో వచ్చింది. మీరు చెప్పిన తెల్లపొర దశలో, అంటే పైపొర దాటని దశలో ఆమె వచ్చి ఉంటే, కాంతి చికిత్స గురించి మాట్లాడటానికి అర్థం ఉండేది. కాంతి సోకితే విషపు ఆక్సిజన్ పుట్టించే మందులు నానో యుగానికి ముందు నుంచీ ఉన్నాయి. ఫొటోఫ్రిన్ 1993లో కెనడాలో, టెమోపార్ఫిన్ అనే మందు ముదిరిన తల, మెడ క్యాన్సర్లకు 2001లో ఐరోపాలో అనుమతి పొందాయి. ఫొటోఫ్రిన్ తీసుకున్నవారు కనీసం ముప్ఫై రోజులు ఎండ కన్ను సోకకుండా ఉండాలి, మన ఎండల్లో అది తేలిక కాదు. జపాన్‌లో 2020లో ఒక యాంటీబాడీకి కాంతికి స్పందించే రంగును జతచేసిన మందును అనుమతించారు. అది ఎవరికంటే, కోసి తీయడానికి వీలులేని తల, మెడ క్యాన్సర్ ఉన్నవారికి. మీ దొడ్డమ్మగారిది తీయడానికి వీలైన కణితి. ఈ తేడాను ఇంట్లో పెద్దలకు విడమరిచి చెప్పండి.

మీకు కనిపించేది అంగిలి ఉపరితలం. క్యాన్సర్ దాని పైనున్న ఎముకలోకి వెళ్ళింది. ఆ ఎముక పైన ముక్కు నేల, పక్కన దవడ గాలిగది ఉంటాయి. ఎముక కాంతిని చెదరగొడుతుంది. ఉపరితలం మాడి నల్లబడితే వీడియోలో బాగుంటుంది, కాని ఎముక సందుల్లో మిగిలిన కణాలు మళ్ళీ పెరుగుతాయి, మెడ గ్రంథిలో ఉన్నదానిని అసలు ముట్టుకోలేదు. ఇంకొక విషయం మాకు చాలా ముఖ్యం. కోసి తీసిన ముక్క పాథాలజీకి వెళుతుంది. అంచుల్లో క్యాన్సర్ ఉందా, నరాల వెంట పాకిందా, ఎన్ని గ్రంథుల్లో ఉంది అన్నది ఆ రిపోర్టు చెబుతుంది, దాన్ని బట్టే రేడియేషన్ ఎంత, కీమో కావాలా అన్నది నిర్ణయిస్తాము. కాల్చేసిన కణితికి ఆ రిపోర్టు ఉండదు, తరవాతి వైద్యం అంచనా మీద చేయవలసి వస్తుంది.

ఇప్పుడు ఆమె భయం గురించి. అది ఊహించుకున్న భయం కాదు. అంగిలి తీస్తే నోటికీ ముక్కుకూ మధ్య రంధ్రం పడుతుంది, దాన్ని మూయకపోతే అన్నం ముక్కులోకి వస్తుంది, మాట ముక్కుతో వస్తుంది. దాన్ని మూయడానికే అబ్ట్యురేటర్ అనే కృత్రిమ అంగిలి ఉంది. ఆపరేషన్‌కు ముందే కృత్రిమ దంతాల నిపుణులు నోటి అచ్చు తీసుకుని ఒక ప్లేటు తయారుచేస్తారు. కణితి తీయగానే ఆపరేషన్ బల్ల మీదే దాన్ని అమరుస్తాము. కొన్ని వారాలకు పుండు మానుతూ ఆకారం మారుతుంది కాబట్టి మధ్యకాలానికి ఒకటి, రేడియేషన్ పూర్తయి అంతా కుదుటపడ్డాక శాశ్వతంగా వాడేది ఒకటి చేస్తారు. కట్టుడు పళ్ళలాగే తీసి కడుక్కుని పెట్టుకోవచ్చు. రంధ్రం పెద్దదైతే శరీరంలో మరొకచోటి నుంచి ఎముక, కండ తెచ్చి పూడ్చే పద్ధతి కూడా ఉంది, ఏది నయమో ఆమె వయసు, దంతాలు, మిగతా ఆరోగ్యం చూసి చెబుతారు. ఇలా ప్లేటు పెట్టుకుని అన్నం తింటున్న మరో పేషెంటును ఆమెకు చూపించమని మీ సర్జన్‌ను అడగండి. నేను చెప్పే పది మాటల కన్నా అది ఆమెకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

ఆపరేషన్ తరవాత రేడియేషన్ ఆరు వారాల్లోగా మొదలవడం మంచిది. ముందు ఆపరేషన్‌ను ఆలస్యం చేస్తే ఈ లోపల కణితి పెరుగుతుంది, తీయవలసిన భాగం పెరుగుతుంది. చుట్ట ఈ రోజే మానిపించండి, పుండు మానడానికీ రేడియేషన్ పనిచేయడానికీ అది అడ్డు.


జవాబు: నానోపదార్థాల పరిశోధక విద్యార్థిని

పై ఇద్దరు పెద్దలు చెప్పిన ముఖ్యమైన సలహాతో నాకు ఏ భేదమూ లేదు. శాస్త్రం వైపు నుంచి ఒకటి రెండు మాటలు చేర్చాలనిపించింది.

0.7 శాతం అన్న అంకెను చూసి ఈ మార్గమంతా వృథా అనుకోకూడదు. మామూలు కీమో మందుల్లోనూ కణితికి చేరేది కొద్ది భాగమే. కొవ్వు బుడగల్లో పెట్టిన డాక్సోరూబిసిన్ అనే కీమో మందును 1995లోనూ, అల్బుమిన్ అనే ప్రోటీన్‌కు కలిపిన పాక్లిటాక్సెల్ అనే కీమో మందును 2005లోనూ అమెరికా అనుమతించింది. ఇవి నానో మందులే, మన ఆసుపత్రుల్లోనూ వాడుతున్నారు. అవి తమ మందును తామే మోసుకువెళతాయి, బయటి శక్తి కోసం ఎదురుచూడవు. శక్తిని మార్చే పదార్థాలకు శక్తి లోతుకు చేరడం, పదార్థం కణితికి చేరడం అనే రెండు షరతులూ ఒకేసారి నెరవేరాలి, అందుకే అవి వెనకబడ్డాయి. బహుశా మాస్టారి మొదటి ప్రశ్నకు ఇదే అసలు జవాబు.

కాంతి లోతుకు పోలేని ఇబ్బందిని దాటడానికి జరుగుతున్న పనిలో నాకు ఎక్కువ ఆశ కలిగించేది ఎక్స్-కిరణాలనే లోపలి దీపంగా వాడుకోవడం. ఎక్స్-కిరణం తగిలితే వెలిగే నానోకణాన్ని, ఆ వెలుగును పీల్చి విషపు ఆక్సిజన్ పుట్టించే రంగును కలిపి కణితిలో పెడితే, బయటి లేజర్ అవసరమే ఉండదు. 2006లో వెయ్ చెన్, జున్ జాంగ్ ప్రతిపాదించిన ఆలోచన ఇది. 980 నానోమీటర్ల కాంతిని తీసుకుని, అంతకన్నా ఎక్కువ శక్తి ఉన్న కంటికి కనిపించే కాంతిగా తిప్పి ఇచ్చే ఇటర్బియం, ఎర్బియం అనే లోహాలు కలిపిన స్ఫటికాలు కూడా ఉన్నాయి. ఇవి చాలావరకు ఎలుకల దశలో ఉన్నాయి. ఎలుక చర్మం కింద పెంచిన కణితి బఠాణీ గింజంత ఉంటుంది, దానికి పైనుంచి అన్ని వైపులా వెలుగు తగులుతుంది. ఎముకలోకి వేళ్ళు దిగిన మనిషి కణితితో దాన్ని పోల్చడానికి లేదు.

అల్ట్రాసౌండ్‌తో పనిచేసే టైటానియం డయాక్సైడ్, ఒత్తిడికి విద్యుత్తు పుట్టించే బేరియం టైటనేట్ వంటి వాటి గురించి కూడా మీరు చదివే ఉంటారు. అల్ట్రాసౌండ్ మెత్తటి కణజాలంలో సెంటీమీటర్ల లోతుకు బాగా వెళుతుంది. కాని గాలి ఎదురైతే దాదాపు మొత్తం వెనక్కి తిరుగుతుంది, ఎముకలో చాలా బలం పోగొట్టుకుంటుంది. అంగిలికి కింద నోటి గాలి, పైన ముక్కు గాలి, మధ్యలో ఎముక. శరీరంలో అల్ట్రాసౌండ్‌కు ఇంతకన్నా అననుకూలమైన చోటు దొరకడం కష్టం. నోరు తెరిచి ఉంది కాబట్టి ఏ శక్తి అయినా సులువుగా పంపవచ్చన్న ఊహ ఇక్కడ తలకిందులవుతుంది.


భీమిలి అధ్యాపకుడు

ముగ్గురికీ మనసారా కృతజ్ఞతలు. డాక్టరు గారు ప్లేటు గురించి రాసినది దొడ్డమ్మకు నిన్న సాయంత్రం చదివి వినిపించాను. అచ్చు తీసేటప్పుడు నొప్పి ఉంటుందా అని అడిగింది. ఇన్ని రోజుల్లో ఆమె ఆపరేషన్ గురించి అడిగిన మొదటి ప్రశ్న అది.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. మా బంధువు ఒకరు 'నానో గోల్డ్ వాటర్' అనే సీసా తెచ్చారు, రోజూ రెండు చెంచాలు తాగితే లేజర్ లేకుండానే గడ్డ కరుగుతుందట. స్వర్ణభస్మం మన పూర్వీకులు వాడినదే కదా అంటున్నారు. రెండవది, వీడియోలో చెప్పిన చోటికి ఫోన్ చేస్తే ఇది క్లినికల్ ట్రయల్ అని, పేరు నమోదుకు ముందుగా డబ్బు కట్టాలని చెప్పారు. నిజంగా జరుగుతున్న ట్రయల్‌ను ఎలా గుర్తుపట్టాలి?


జవాబు: నైతిక సంఘంలో సామాన్య సభ్యుడు

నేను వృత్తిరీత్యా న్యాయవాదిని, ఒక వైద్య సంస్థ నైతిక సంఘంలో, అంటే మనుషుల మీద చేసే పరిశోధనలను పరిశీలించి అనుమతించే సంఘంలో, వైద్యేతర సభ్యుడిగా ఉంటున్నాను. రెండో సందేహానికి నేను జవాబు చెప్పగలను.

మన దేశంలో మనుషుల మీద మందు పరీక్ష జరపాలంటే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో ముందే నమోదు చేయాలి. 2009 జూన్ నుంచి ఇది తప్పనిసరి. సి.టి.ఆర్.ఐ. అన్న అక్షరాలతో మొదలయ్యే సంఖ్య ప్రతి ట్రయల్‌కూ ఉంటుంది. ఎవరైనా ఆ వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. ఏ మందు, ఏ జబ్బు, ఏ దశ రోగులు, ఏ ఆసుపత్రి, ఏ నైతిక సంఘం అనుమతించింది అన్నవన్నీ అందులో ఉంటాయి. ఫోన్ చేసి ఆ సంఖ్య అడగండి. ఇవ్వకపోయినా, ఇచ్చిన సంఖ్య వెతికితే వేరే విషయం వచ్చినా అక్కడితో వదిలేయండి.

డబ్బు సంగతి అంతకన్నా స్పష్టం. పరిశోధన కోసం చేసే పరీక్షలకు, పరిశోధనలో ఉన్న మందుకు పాల్గొనేవారి చేత ఖర్చు పెట్టించకూడదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం చేయించి పరిహారం ఇవ్వాలని 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాలు చెబుతున్నాయి. నానో మందులను ఎలా పరీక్షించాలో అదే ఏడాది అక్టోబరులో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ ప్రత్యేకంగా మార్గదర్శకాలు విడుదల చేసింది, కాబట్టి ఇది చట్టం చూపు పడని రంగమని ఎవరైనా అంటే నమ్మవద్దు. క్యాన్సర్‌ను నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి మందులు, అద్భుత చికిత్సల చట్టమే నిషేధించింది. మీరు చూసిన వీడియో ఆ కోవలోకే వస్తుందని నా అభిప్రాయం. ఆ లింకును, ఫోన్ సంఖ్యను దాచి ఉంచి ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదు చేయండి, మీ తరవాత ఇంకొక కుటుంబం ఆ ఫోన్ చేయకుండా ఉంటుంది.

సమ్మతి పత్రం గురించి ఒక్క మాట. నిజమైన ట్రయల్‌లో అది తెలుగులో ఉంటుంది, ఇంటికి తీసుకువెళ్ళి చదువుకునే సమయం ఇస్తారు, అందుబాటులో ఉన్న ఇతర చికిత్సలు ఏవో అందులో రాస్తారు, మధ్యలో మానేసినా మామూలు వైద్యం ఆగదని రాస్తారు.


జవాబు: మెడికల్ ఫిజిసిస్ట్, విశాఖ

సీసా విషయం నేను చెబుతాను. తాగిన బంగారు కణాల్లో పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్ళేది అతి స్వల్పం. అందులో కణితికి చేరేది ఇంకా స్వల్పం. చేరినా, కాంతి గానీ ఎక్స్-కిరణం గానీ లేకుండా బంగారం వేడిని పుట్టించదు. ఈ చికిత్స సూత్రమే బయటి శక్తిని మార్చడం మీద నిలబడింది, బయటి శక్తి లేనప్పుడు మార్చడానికి ఏమీ ఉండదు. స్వర్ణభస్మం గురించి ఆయుర్వేద వైద్యులు చెప్పేది వేరే విషయం, దానికీ లేజర్ చికిత్సకూ సంబంధం లేదు. మీ బంధువు ప్రేమతోనే తెచ్చి ఉంటారు, ఆయన్ను నొప్పించకుండా సీసాను మాత్రం ఆసుపత్రికి తీసుకువెళ్ళి మత్తు డాక్టరుకు చూపించండి. లోపల ఇంకేముందో మనకు తెలియదు, ఆపరేషన్‌కు ముందు ఆమె నోట్లోకి వెళ్ళినవన్నీ వారికి తెలియాలి.

మీకు ఈ రంగంలో నిజమైన ఆసక్తి ఉంది కాబట్టి ఒకటి చెబుతాను. హాఫ్నియం కణాలను నోరు, గొంతు క్యాన్సర్ ఉన్న వృద్ధుల్లో, అంటే సిస్ప్లాటిన్ అనే కీమో మందును తట్టుకోలేనివారిలో, రేడియేషన్‌తో కలిపి పరీక్షించే మూడో దశ ట్రయల్ 2022లో మొదలైంది. మా రంగంలో నేను ఎదురుచూస్తున్న ఫలితం అదే. అది బాగా వచ్చినా, ఆపరేషన్ వద్దనుకుని ప్రధాన చికిత్సగా రేడియేషన్ తీసుకునే రోగులకు సంబంధించినది అవుతుంది.

రెండో అభిప్రాయం కావాలంటే అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ కింద నడిచే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, కె.జి.హెచ్.లో, అంటే విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో, కూడా రేడియేషన్ విభాగం ఉంది. బయాప్సీ స్లైడ్లు, ఆ ముక్కను మైనంలో దాచిన పారఫిన్ బ్లాకులు, సి.టి. స్కాన్ సి.డి. పట్టుకుని వెళ్ళండి, కాగితం రిపోర్టు ఒక్కటే సరిపోదు. ఎన్.టి.ఆర్. వైద్య సేవ కార్డు ఉంటే ఆసుపత్రి కౌంటర్లో ముందే చూపించండి. అయితే ఇప్పుడున్న తేదీని వదులుకోకుండానే ఈ పని చేయండి.


జవాబు: నోటి క్యాన్సర్ శస్త్రవైద్యురాలు

అచ్చు తీసేటప్పుడు నొప్పి ఉండదని ఆమెకు చెప్పండి. మెత్తటి ముద్దను ఒక ట్రేలో పెట్టి అంగిలికి అదిమి, గట్టిపడేదాకా కొద్ది నిమిషాలు పట్టుకుంటారు. పుండు మీద కొంచెం ఒత్తిడి తెలుస్తుంది, కొందరికి వాంతి వచ్చినట్టు అనిపిస్తుంది. తల ముందుకు వంచి ముక్కుతో గాలి పీల్చమంటే సర్దుకుంటుంది. అదే రోజు దంతవైద్యులు పళ్ళన్నీ చూసి, నిలవని వాటిని ఆపరేషన్‌తోపాటే తీయించడం మంచిది, రేడియేషన్ అయ్యాక దవడలో పన్ను పీకితే ఆ చోట ఎముక మానకుండా పుచ్చిపోయే ప్రమాదం ఉంది. ఆపరేషన్ తేదీకి కనీసం నాలుగైదు రోజుల ముందు అచ్చు ఇవ్వగలిగేలా దంత విభాగంలో ఇప్పుడే సమయం తీసుకోండి.